ఎండిపోయిన మరకని ఏ మెషిన్ తీస్తుంది? మూడు రోబోలు, ఒక వెట్ డ్రై వాక్యూమ్, ఒక బకెట్

రోబో వాక్యూమ్ వీడియో పెట్టినప్పటి నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. "బ్రో, దుమ్ము సంగతి సరే. రాత్రి ఒలికిన టీ పొద్దునకల్లా ఎండిపోతే అది తీస్తుందా లేదా?" ఇంకో తమ్ముడు రాశాడు. "అమ్మకి మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుని తుడవలేకపోతోంది. ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నా, పనికొస్తుందా అన్నా?" అని. ఈ ఎపిసోడ్ ఆ కామెంట్ కోసమే. ఎందుకంటే 60 వేలు పెట్టి మెషిన్ కొన్నాక కూడా ఆవిడ వంగి మరక గోటితో గీకాల్సి వస్తే, ఆ ఈఎంఐ దేనికి కడుతున్నట్టు?

ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు. ఒక మెషిన్ నాది, మిగతావి ఫ్రెండ్స్ ఇళ్ల నుంచి తెచ్చాను. బ్రాండ్ల పేర్లు కూడా చెప్పట్లేదు. భయపడి కాదు. మోడల్స్ ఆరు నెలలకోసారి మారిపోతాయి, కానీ తుడిచే పద్ధతి మారదు. మీరు కొనబోయేది ఏ రకమో తెలిస్తే చాలు, ఇది వర్తిస్తుంది.

రకాలు నాలుగు. మొదటిది, రోబో వెనకాల ఒక తడిగుడ్డ అతికించి ఈడ్చుకెళ్లేది. 20 వేల రేంజ్‌లో దొరికేవి ఎక్కువగా ఇవే. రెండోది, కింద రెండు గుండ్రటి ప్యాడ్‌లు గిరగిరా తిరిగేది. మూడోది, అడ్డంగా ఒక రోలర్ ఉండి, దాని మీద మంచినీళ్లు పడుతూ, మురికినీళ్లు పిండేసుకుంటూ పోయేది. నాలుగోది రోబో కాదు, చేత్తో పట్టుకుని నడిపే వెట్ డ్రై వాక్యూమ్. అది నీళ్లు చిమ్ముతుంది, రోలర్‌తో రుద్దుతుంది, మురికినీళ్లు లాగేస్తుంది. వీటితో పోల్చడానికి ఐదో పార్టీ కూడా ఉంది. మా ఇంట్లో పనిచేసే అక్క, ఒక బకెట్, ఒక పాత కాటన్ గుడ్డ. ఈ టెస్ట్ కోసం ఆవిడ రెండు పూటలు ఎక్కువసేపు ఉంది, దానికి డబ్బులు విడిగా ఇచ్చాను. ఫ్రీగా కంటెంట్ చేయించుకోలేదని చెప్పడానికే ఈ మాట.

మరకలు మన ఇళ్లలో పడేవే తీసుకున్నా. పాల టీ, సాంబారు, బెల్లం పాకం, గుడ్డు సొన, ఎర్రమట్టి కాలి అచ్చు, ఇంకా నూనెలో కలిపిన పసుపు. ఒక్కోటి ఒక్కో స్పూన్, విట్రిఫైడ్ టైల్ మీద వేసి, రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేశా. పొద్దునకి బెల్లం గాజుముక్కలా అయిపోయింది. సాంబారులో పప్పు అయితే టైల్‌కి సిమెంట్ పెట్టినట్టే.

పోయిందా లేదా అని ఎలా చూడాలి? ఇక్కడ ఒక చిన్న ట్రిక్. లైట్లు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని నేల మీద పక్కకి పడుకోబెట్టండి. పైనుంచి చూస్తే తళతళలాడే నేల మీద, పక్క నుంచి వెలుగు పడగానే మిగిలిన పొర మొత్తం కనిపిస్తుంది. ఆ తర్వాత తడి టిష్యూతో ఒకసారి రుద్ది, టిష్యూకి రంగు అంటిందా చూడండి. మెషిన్ కొన్న మొదటి వారంలోనే ఈ రెండూ చేయండి, రిటర్న్ టైమ్ అయిపోకముందే.

సరే, రిజల్ట్స్. ఎర్రమట్టి అచ్చులో పెద్దగా చెప్పేదేం లేదు. గుడ్డ ఈడ్చే రోబో తప్ప అన్నీ ఒకే రౌండ్‌లో తీసేశాయి. అది మాత్రం అచ్చుని పలచగా పరిచి, హాల్ మొత్తానికి సమానంగా పంచింది. సోషలిజం అన్నమాట.

టీ దగ్గర తేడా మొదలైంది. గుడ్డ ఈడ్చే రోబో మూడు రౌండ్లు వేసినా, మరక మధ్యలో పోయింది కానీ చుట్టూ గోధుమరంగు గీత ఉండిపోయింది. ఈ గీత ఎందుకు వస్తుందో తెలుసా? చుక్క ఎండేటప్పుడు దాని అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని ద్రవం అంచు వైపు పారుతుంది, వెళ్తూ వెళ్తూ అందులోని పొడినంతా అక్కడికి మోసుకుపోతుంది. దీన్ని కాఫీ రింగ్ ఎఫెక్ట్ అంటారు. 1997లో చికాగో యూనివర్సిటీ వాళ్లు నేచర్ పత్రికలో దీని మీద పేపర్ వేశారు. అంటే మన టీ మరకకి చుట్టూ ఉన్న గీతే అసలు కోట. మధ్యలో పోయింది కదా అని మురిసిపోకూడదు. తిరిగే ప్యాడ్‌ల రోబో రెండో రౌండ్‌లో ఆ గీతని చాలావరకు తీసింది. రోలర్ రోబో కూడా ఇంచుమించు అంతే.

బెల్లం విచిత్రంగా చేసింది. పంచదార, బెల్లం నీళ్లలో కరుగుతాయి కాబట్టి ఈజీ అనుకుంటాం. కానీ మొదటి రౌండ్‌లో సగమే కరిగి జిగురైపోయింది. ఆ జిగురు మీదుగా చక్రాలు వెళ్లి, బెడ్‌రూమ్ దాకా రెండు గీతలు. చీమలకి హైవే వేసినట్టే. వెట్ డ్రై వాక్యూమ్ ఒక్కటే దీన్ని శుభ్రంగా ముగించింది. దానికి కారణం మోటార్ పవర్ కాదు, ఆ సంగతి తర్వాత చెప్తా.

సాంబారు, గుడ్డు సొన. ఇక్కడ మూడు రోబోలూ ఫెయిలే, మొహమాటం లేకుండా. పప్పు పలుకులు కొన్ని ఊడొచ్చాయి, కింద పొర అలాగే ఉంది. గుడ్డు అయితే కదల్లేదు. పసుపు నూనె దగ్గర ప్యాడ్‌ల రోబో పరిస్థితి దారుణం. పసుపు ప్యాడ్‌కి పట్టింది, ఆ ప్యాడ్‌తోనే ముందుకి వెళ్తూ తెల్ల టైల్స్ మీద గంధం పూసినట్టు పోయింది. రోలర్ రోబో ఇక్కడ బెటర్. దాని రోలర్ తిరిగిన ప్రతిసారీ కడుక్కుంటుంది కాబట్టి పులమడం తక్కువ.

ఇప్పుడు అక్క వంతు. ఆవిడ ఏం చేసిందో చూడండి. వచ్చింది, మరకలన్నీ చూసింది, మగ్గుతో ఒక్కోదాని మీద కాసిని నీళ్లు చిలకరించింది. గుడ్డ తడిపి సాంబారు మీద పరిచేసింది. పరిచేసి, గిన్నెలు తోమడానికి వెళ్లిపోయింది! నేను కెమెరా పట్టుకుని అక్కడే నిలబడ్డా. "అక్కా, షూటింగ్" అంటే, "నానకుండా ఏ మరక పోద్ది తమ్ముడూ?" అంది. తిరిగొచ్చి రెండు తుడుపుల్లో అన్నీ తీసేసింది, పసుపు ఛాయ ఒక్కటి కొంచెం మిగిలింది.

ఆ ఒక్క మాటలో ఈ ఎపిసోడ్ మొత్తం ఉంది. దీనికి ఇంజినీరింగ్ వెర్షన్ కూడా ఉంది. 1959లో జర్మనీలో హెంకెల్‌లో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అనే ఆయన ఒక చక్రం గీశాడు, సిన్నర్ సర్కిల్ అంటారు. ఏదైనా శుభ్రం చేయడానికి నాలుగు కావాలి. కెమికల్, రుద్దుడు, వేడి, టైమ్. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాలి. ఇప్పుడు రోబోని ఈ లెక్కలో పెట్టి చూద్దాం.

రోబో సెకనుకి 30 సెంటీమీటర్లు వెళ్తోంది అనుకోండి. ప్యాడ్ వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకోండి. అంటే ఒక మరక మీద ప్యాడ్ ఉండేది అర సెకను. ప్యాడ్ నిమిషానికి 180 సార్లు తిరిగితే సెకనుకి మూడు చుట్లు, అర సెకనులో ఒకటిన్నర చుట్టు. ఇంతే! రాత్రంతా ఎండిన సాంబారుకి మనం ఇస్తున్న ట్రీట్‌మెంట్ ఒకటిన్నర చుట్టు. బాక్స్ మీద "12 న్యూటన్ల ప్రెషర్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 12 న్యూటన్లంటే సుమారు 1.2 కిలోల బరువు. మీరు అరచేత్తో గుడ్డని నొక్కి రుద్దితే అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈడ్చే గుడ్డ రకానికైతే అదీ లేదు. రోబో బరువు ఎక్కువ భాగం చక్రాల మీదే ఉండాలి, లేకపోతే అది నడవలేదు. గుడ్డ మీద పడేది స్వల్పం.

మరి పాస్కల్స్? 10,000 పాస్కల్స్, 20,000 పాస్కల్స్ అని యాడ్స్‌లో అరుస్తారు కదా. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 1,01,325 పాస్కల్స్. అంటే పదివేలు దానిలో సుమారు పదో వంతు. దుమ్ముకి, బియ్యం గింజకి, జుట్టుకి అది పనికొస్తుంది. టైల్‌కి అతుక్కుపోయిన పొరని గాలి లాగలేదు. ఎండిన మరక కోసం మెషిన్ కొంటూ పాస్కల్స్ చూడటం అంటే, బండి మైలేజ్ తెలుసుకోవడానికి హారన్ కొట్టి చూసినట్టు.

ఇంకోటి, "వేడినీళ్లతో మాపింగ్". ఇది జాగ్రత్తగా చదవండి. చాలా మోడల్స్‌లో వేడినీళ్లు డాక్‌లో ప్యాడ్‌ని కడగడానికే. ప్యాడ్ వేడిగా కడిగి, పిండి, రోబో వంటగదికి చేరేసరికి అది చల్లారిపోతుంది. ప్యాడ్ వాసన రాకుండా ఉండటానికి అది మంచిదే, మరకకి మాత్రం అందేది తక్కువ. గుడ్డు సొన మీద అసలు వేడి పడకూడదు. 60 డిగ్రీలు దాటితే తెల్లసొన గడ్డకట్టడం మొదలవుతుంది. చల్లటి నీళ్లతో నానబెట్టాలి.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు బాగా నవ్వొచ్చింది "డర్ట్ డిటెక్షన్" ఫీచర్. కొన్ని మెషిన్లు ప్యాడ్ కడిగిన నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో సెన్సర్‌తో చూసి, మురికి ఎక్కువుంటే మళ్లీ వెళ్లి తుడుస్తాయి. ఐడియా బాగుంది. కానీ మొండి మరక ఊడిరానే లేదనుకోండి, అది నీళ్లలోకి రాదు. నీళ్లు తేటగా ఉంటాయి. మెషిన్ ఏమనుకుంటుంది? నేల శుభ్రంగా ఉందనుకుని యాప్‌లో గ్రీన్ టిక్ పెడుతుంది. నేల మీద గుడ్డు అలాగే ఉంది! ఎర్రర్ రాలేదు కాబట్టి కోడ్ కరెక్ట్ అనుకునేవాళ్లని ఆఫీసులో చూశాను కానీ, హార్డ్‌వేర్‌లో చూడటం ఇదే.

సో, రెండో రోజు మళ్లీ అవే మరకలు వేసి ఎండబెట్టి, ఈసారి అక్క ఫార్ములా పెట్టా. మరకల మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టి, ఫ్యాన్ ఆపి, పది నిమిషాలు ఆగి, అప్పుడు మెషిన్లు వదిలా. ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు. ఎండాకాలం ఫ్యాన్ కింద పలచగా కొట్టిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోతాయి, నానే ఛాన్సే ఉండదు.

తేడా మామూలుగా లేదు. అత్యంత చవకైన ఈడ్చే గుడ్డ రోబో, నానిన టీ గీతని రెండు రౌండ్లలో తీసేసింది. నిన్న మూడు రౌండ్లలో చేయలేనిది. ప్యాడ్‌ల రోబో సాంబారు దాదాపు మొత్తం తీసింది. గుడ్డు సగానికి పైగా పోయింది, మిగతాదానికి ఇంకో పది నిమిషాలు, ఇంకో రౌండ్ పట్టింది. అంటే మా ఇంటి టైల్ మీద, నానబెట్టిన మరక మీద చవక మెషిన్, పొడి మరక మీద ఖరీదైన మెషిన్ కంటే బాగా పనిచేసింది. పసుపుకి మాత్రం నీళ్లు చాలవు. అందులో రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కావాలి. బట్టల సోడా పౌడర్ వేస్తే పసుపు ఎర్రగా మారుతుంది, కంగారు పడకండి. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తాం కదా, అదే కెమిస్ట్రీ. బాగా కడిగాక మిగిలే లేత ఛాయ, ఎండ తగిలే చోటైతే మెల్లగా దానంతటదే వెలిసిపోతుంది.

ఇప్పుడు వెట్ డ్రై వాక్యూమ్ ఎందుకు గెలిచిందో చెప్తానన్నా కదా. దాని రహస్యం, అది మీ చేతిలో ఉండటం. మరక కనపడితే మీరు అక్కడే ఆగుతారు, పది సెకన్లు అక్కడే ముందుకీ వెనక్కీ నడుపుతారు. రోబో అర సెకనులో వెళ్లిపోయే చోట మీరు పది సెకన్లు ఇచ్చారు, పైగా కొత్త నీళ్లు పడుతూనే ఉన్నాయి, కరిగిన జిగురుని వెంటనే లాగేస్తోంది. బెల్లం అందుకే పరుచుకోలేదు. టైమ్, రుద్దుడు, రెండూ మనిషి చేతిలోకి వచ్చాయి.

రోబోతో ఇదే చేయించాలంటే ఒక దారి ఉంది. యాప్‌లో ఆ మరక చుట్టూ చిన్న జోన్ గీయండి. సక్షన్ ఆపి, మాప్ ఓన్లీ, నీళ్లు మ్యాక్సిమమ్, ఒక రౌండ్. ఇది తడపడానికి. పది నిమిషాలాగి మళ్లీ అదే జోన్, రెండు రౌండ్లు. చాలా యాప్స్‌లో "రెండుసార్లు తుడువు" అనే ఆప్షన్ ఉంటుంది, కానీ చిన్న జోన్‌లో అది వెంటవెంటనే చేసేస్తుంది, మధ్యలో నానే టైమ్ ఇవ్వదు. ఆ పది నిమిషాల గ్యాప్ మీరే పెట్టుకోవాలి. కంపెనీల వాళ్లు ఎవరైనా వింటుంటే, ఇది ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో అయ్యే పని బాస్. "నానబెట్టి తుడువు" అని ఒక బటన్ చాలు.

ట్యాంక్‌లో ఏం పోయాలి అని కూడా అడుగుతున్నారు. ఫినాయిల్, బ్లీచింగ్, యాసిడ్ పోయకండి. లోపల పంపు, రబ్బరు వాషర్లు పాడవుతాయి, వారంటీ కూడా పోవచ్చు. నురగ ఎక్కువొచ్చే లిక్విడ్ వెట్ డ్రై వాక్యూమ్‌లో పోస్తే నురగ మోటార్ వైపు ఎక్కుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వచ్చే వేస్ట్ వాటర్ ఇల్లు తుడవడానికి దాచుకునే వాళ్లున్నారు. బకెట్‌కి ఓకే, రోబోకి వద్దు. అందులో ఉప్పులు మామూలు బోరు నీళ్ల కంటే ఎక్కువ. సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, నేల ఆరాక తెల్లటి చారలు వస్తాయి. ఆ చారలు చూసి మెషిన్ సరిగ్గా తుడవలేదనుకుంటారు, నిజానికి అది నీళ్లు వదిలిన సున్నం.

నేల సంగతి కూడా. విట్రిఫైడ్ టైల్ నీటిని పీల్చేది దాని బరువులో అర శాతం లోపే, కాబట్టి మరక పైనే ఉంటుంది. మీ ఇంట్లో తాండూరు బండలో, కడప బండలో ఉంటే కథ వేరు. అవి సున్నపురాయి. నూనె, టీ లోపలికి ఇంకుతాయి. ఇంకిన మరక లక్ష రూపాయల రోబో అయినా తీయలేదు. పైగా కోపమొచ్చి బాత్రూమ్ యాసిడో, నిమ్మరసమో వేశారనుకోండి, మరకతో పాటు రాయి పైపొర కూడా కరిగి, అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది. మార్బుల్‌కి కూడా ఇదే రూల్.

ఇక గడప. పసుపు, కుంకుమ పెట్టే గడప మీదకి రోబోని వెళ్లనివ్వకండి. మామూలు రోబోలు రెండు సెంటీమీటర్ల ఎత్తు వరకే ఎక్కుతాయి. ఎక్కలేక అక్కడే గింజుకుని, ఆ పసుపునంతా ప్యాడ్‌కి పూసుకుని హాల్లోకి వస్తాయి. యాప్‌లో అక్కడ నో గో లైన్ గీసేయండి.

మోకాళ్ల నొప్పుల అమ్మ గురించి అడిగిన తమ్ముడూ, నీకు డైరెక్ట్‌గా చెప్తా. ఇంట్లో చిన్నపిల్లలు లేకుండా, మరకలు అప్పుడప్పుడూ మాత్రమే పడితే, 60 వేలు అక్కర్లేదు. ఒక మామూలు రోబో రోజువారీ దుమ్ముకి, ఒక స్ప్రే బాటిల్ మరకలకి. వంగకుండా కొట్టాలంటే మొక్కలకి మందు కొట్టే పొడవాటి గొట్టం ఉన్న చిన్న స్ప్రేయర్ దొరుకుతుంది, మందు వాడనిది, కొత్తది తీసుకో. లేదా తడిగుడ్డని మరక మీద వేసి, చెప్పుతో ఒకసారి నొక్కి వదిలేసినా చాలు. వంటగదిలో రోజూ ఏదో ఒకటి ఒలికే ఇల్లయితే వెట్ డ్రై వాక్యూమ్ చూడు. నిలబడే నడపొచ్చు. కానీ బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది, వాడిన ప్రతిసారీ మురికి ట్యాంక్ పారబోసి రోలర్ కడగాలి. ఒక రోజు బద్ధకిస్తే ఇల్లంతా కుళ్లు వాసన. ఆ పని అమ్మ మీద పడుతుందా, నువ్వు చేస్తావా అనేది ముందే తేల్చుకో.

షోరూమ్‌కి వెళ్తే డెమోలో అప్పుడే పోసిన సాస్ మీద మెషిన్ నడిపి చూపిస్తారు. తడి మరక ఎవరైనా తీస్తారు. ఒక పాత టైల్ ముక్క మీద ముందు రోజు రాత్రి టీ ఎండబెట్టి బ్యాగ్‌లో పట్టుకెళ్లు. దాని మీద నడపమని అడుగు. నవ్వితే నవ్వనీ. అమ్మని కూడా వెంట తీసుకెళ్లి, నీళ్లు నింపిన ట్యాంక్‌ని ఆవిడ చేతే తీయించి, పెట్టించి చూడు. ఆవిడ ఇబ్బంది పడితే ఆ మోడల్ వద్దు.

నువ్వు ఏది తీసుకున్నావో కామెంట్‌లో రాయి. మీలో ఎవరింట్లోనైనా రెడ్ ఆక్సైడ్ నేల ఉంటే, దాని మీద రోబో ఎలా పనిచేస్తోందో చెప్పండి, నాకు అలాంటి ఇల్లు టెస్ట్‌కి దొరకలేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.